మన కొండవెదురు – ఈగగాలము



చేపలు పట్టు విద్యను గూర్చి ప్రసంగింపుమని ఆకాశవాణివారు కోరినప్పుడు నేను కొంత సంకోచించితిని. మాది తిరుపతికొండ కనుపించునంత దూరములోని పల్లె. తెల్లవారి ఆ కొండకు మ్రొక్కి లేచువారిలో చాలమంది చేపను ముట్టరు. ముట్టువారు సైతము కోనేటి చేపను పట్టుదమని కలలోనైన తలంపరు. కావున నేను మాటలాడబోవునది వానకు నిండి యెండకు ఇంకెడి ఊరిచెఱువును గూర్చి. అందును ముఖ్యముగా చెఱువుగట్టున నిలిచినవాని చేతిలోని కఱ్ఱను గూర్చి. చేపను తినని పెద్దలు కఱ్ఱపని వినుటకైన కొంచె మోర్చుకొందురు గాక.

తొమ్మిదేండ్ల క్రిందట మా చెఱువులో తూటాలు ప్రేలుట మొదలైనది. రాతిగనులకు పోయివచ్చు కుఱ్ఱవాండ్రు కొందఱు అచ్చట మిగిలిన మందు తెచ్చి నీట వేసిరి. పిల్లచేపలు తవుడు చల్లినట్లు తెల్లగా తేలినవి. పెద్దవానిలో చాల భాగము అడుగునకు పోయి యెవరికిని దక్కలేదు. మూడవమారు మందుగొట్టము ఒకని చేతిలోనే ప్రేలెను. ఎడమచేతి వ్రేళ్ళు రెండు పోయినవి. వానికప్పుడు పదునెనిమిదేండ్లు, వరుసకు నాకు మనుమడు.

నీటిలో మందు ప్రేల్చుటయు, విషము కలుపుటయు నేరములని 1897వ సంవత్సరపు మత్స్యచట్టమే చెప్పినది. ఆ మాటను మేము రచ్చబండ మీద పలుమాఱు చెప్పితిమి. చెప్పుట సులభము. సాయంకాలము పని ముగిసి, చేతు లూరకుండని కుఱ్ఱవానికి ఆ చేతులతో ఏమి చేయవలెనో చెప్పుటయే కష్టము. అప్పుడు మా ఇంటి యటకమీద గుడ్డచుట్టి పెట్టిన విఱిగిన గాలపుకఱ్ఱ నాకు జ్ఞప్తికి వచ్చెను.

గాలము మనకు క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున రాజుల వినోదములలో మత్స్యవినోదమునకు ఒక ప్రకరణమే కలదు. కాని మనవాండ్ర గాలము వేఱు, నేను చెప్పబోవు ఈగగాలము వేఱు. మన గాలము మీ రెఱిగినదే: ఒక కఱ్ఱ, దాని కొనకు దారము, దారమునకు బెండు, సీసపుగుండు, ముల్లు, ముల్లునకు వానపాము. విసరినప్పుడు గుండు ముందు పోవును, దారము దాని వెంట పోవును. ఈగగాలములో గుండును లేదు, వానపామును లేదు. ముల్లునకు కోడియీకయు నూలును చుట్టి నీటిమీద వ్రాలిన పురుగువలె చేయుదురు. దాని బరువు గడ్డిగింజంత. గడ్డిగింజను ముప్పది యడుగుల దూరము విసరగలవా డెవడు? అందుచేత ఇచ్చట బరువు దారమునకే యుండును. కఱ్ఱ దారమును విసరును. దారము పురుగును తన వెంట గొనిపోవును. ఈ విద్యలోని మర్మమంతయు ఈ యొక్క మాటలోనే యున్నది. కఱ్ఱ యెట్లుండవలెనో, చేయి యెట్లాడవలెనో అన్నియు దీనినుండియే పుట్టినవి.

మాసిడోనియా దేశస్థులు ముల్లునకు ఎఱ్ఱని యున్ని చుట్టి, రెండు కోడియీకలు కట్టి చేపలు పట్టుచుండిరని ఈలియన్ అను రోమను గ్రంథకర్త క్రీ.శ. 200 ప్రాంతమున వ్రాసెను. ఇంగ్లండులో 1496లో అచ్చయిన ఒక చిన్న గ్రంథము గాలపుకఱ్ఱను చేయు విధమును చెప్పుచు, కఱ్ఱను చలికాలమునందే నఱుకవలెననియు, వేడిచేసి వంకర తీయవలెననియు విధించినది. మా యూరి మేదరవాండ్రును వెదురును గూర్చి ఆ రెండు మాటలే చెప్పుదురు.

ఇక అటకమీది కఱ్ఱ కథ. నా చిన్ననాట మా తాలూకాలో పనిచేసి పదవి విరమించిన యొక యుద్యోగి ఊరు విడిచిపోవుచు, తనకు పనికిరాని సామానులు పంచిపెట్టెను. నా వంతునకు నడుమ విఱిగిన గాలపుకఱ్ఱ యొకటి వచ్చెను. అది గుండ్రముగా లేదు. ఆఱు పలకలుగా నుండెను. విఱిగిన చోట చూడగా, ఆఱు సన్నని బద్దలు నిలువున అతికి చేసినదని తెలిసెను. ప్రతి బద్దయు ముక్కోణము; పైపలక మాత్రము వెదురు పైచర్మము. మా మేదర తాతకు దానిని చూపితిని. ఆయన గోటితో గీచి, విఱిగిన కొనను నాలుకపై పెట్టుకొని చూచి నవ్వెను.

“ఇదేంది నాయనా, మన సాధనపు వెదురే గదా! దీన్ని ఇంత సన్నంగా చీల్చి మళ్ళీ అతికిచ్చినోడు ఎవడో గాని, వానికి ఓపిక జాస్తి” అనెను.

తాత చూపు తప్పలేదని చాలకాలమునకు పుస్తకములు చదివిన మీదట తెలిసికొంటిని. అమెరికాలో ఈస్టన్ అను ఊరి తుపాకులపనివాడు శామ్యూల్ ఫిలిప్ 1840లలో వెదురును చీల్చి అతికి గాలపుకఱ్ఱలు చేసెను. 1870లలో హైరమ్ లెనార్డ్ అనువాడు ఆఱు బద్దల కఱ్ఱలను యంత్రముతో చీల్చి వ్యాపారము సాగించెను. వీరందఱు వాడినది ‘కలకత్తా వెదురు’. కలకత్తా రేవునుండి ఎగుమతి యగుటచే దాని కా పేరు. వెదురు మాత్రము మనము సాధనపు వెదురు, గట్టి వెదురు అని పిలుచునదే. లాఠీలును, గుఱ్ఱపు దళముల బల్లెపు కఱ్ఱలును దానితోనే చేసెడివారు. 20వ శతాబ్ది తొలినాళ్ళలో చైనాదేశపు టాంకిన్ వెదురు దానిని వెనుకకు నెట్టినది. ఆ వెదురునకు 1931లో మెక్లూర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు శాస్త్రనామ మిడెను. 1950 చివర అమెరికా చైనా సరకును నిషేధింపగా అదియు దొరకకపోయెను. అప్పటికే గాజునార కఱ్ఱలు వచ్చియుండెను. 1973 మొదలు బొగ్గునార కఱ్ఱలు వచ్చినవి. ఇంగ్లండులోని హార్డీ సోదరులు తమ వెదురుకఱ్ఱలకు పెట్టుకొన్న వ్యాపారనామము ‘పలకొన’. ఆ మాట వినగానే మనకు తలకోన జలపాతము తలపునకు రాకపోదు; కాని నేను ధ్వనిని బట్టి చుట్టరికము కలుపువాడను గాను.

దొరలలో మన చెఱువులను పట్టించుకొన్నవాడు హెచ్. ఎస్. థామస్. మదరాసు రాజధానిలో కలెక్టరుగా పనిచేసిన యతడు 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అను పుస్తకమును, 1887లో చెఱువులలో గాలము వేయుటను గూర్చియే ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అను మఱియొక పుస్తకమును ప్రకటించెను. తక్కిన దొరలు ఈగగాలమనగానే చల్లని నీటి ట్రౌటు చేపను తలచి నీలగిరులకు పోయిరి. మన చెఱువుల వేడికి ట్రౌటు బ్రతుకదు. దానికై విచారింప బనిలేదు, పరిగెలు చాలును.

ఇప్పుడు పనిలోనికి వత్తము. మన కొండలలో వెదురు ముఖ్యముగా రెండు జాతులు. ముళ్ళవెదురు లావు, లోపల బోలు. నిచ్చెనలకు పందిళ్ళకు పనికివచ్చును. సాధనపు వెదురు సన్నము, ముళ్ళు లేవు, గోడ దళసరి. ఎండకు, రాతినేలకు పెరిగినచో దాదాపు బోలు లేకయే యుండును. నీరు పుష్కలముగా త్రాగినదానికంటె కరవుచోట పెరిగినది మేలు. శేషాచలపు అడవి ఇప్పుడు రక్షితము. అందు కత్తి పెట్టరాదు. పొలముగట్టున పెంచుకొన్న వెదురునకు మాత్రము 2017లో చట్టము సవరించుటచే చెట్టు అను బంధము తొలగినది. నేను నా గట్టుమీది పొదనుండియే కొట్టుకొందును.

మూడేండ్లు నిండిన బొంగునే ఎన్నుకొనవలెను. ఏడాది బొంగు పచ్చగా మిలమిలలాడుచు కన్నులకు ఇంపుగా నుండును గాని, ఆరిన పిదప ముడుతలు పడును. వానలు వెనుకబట్టి చలి ముదిరిన తరువాత కొట్టవలెను. కృష్ణపక్షమున కొట్టిన పురుగు పట్టదని మన పెద్దల మాట. పక్షము సంగతి యెట్లున్నను, పురుగును పిలుచునది బొంగులోని పిండిపదార్థము. అది తక్కువగానున్న కాలమున కొట్టుటయు, కొట్టినదానిని నీట నానవేసి పిండిని కరగించుటయు మేదరవాండ్రకు తరతరములుగా వచ్చిన పనులు. తరువాత నీడను నిలువబెట్టి ఆఱునెలలు ఆరవలెను. తొందరపడువానికి ఈ పని తగదు.

వెదురు బలమంతయు పైచర్మమును అంటిపెట్టుకొన్న నారలో నున్నది. బొంగును అడ్డముగా కోసి చూచినచో వెలుపలి యంచున నల్లని చుక్కలు చిక్కగా నుండును. లోనికి పోవుకొలది పలుచనగును. ఆ చుక్కలే నార. లోపలి తెల్లని భాగము బెండుతో సమానము. బొంగును యథాతథముగా వాడినచో కొన సన్నము కావలెనన్న పైచర్మమునే చెక్కవలసివచ్చును. అనగా బలమునే పాఱవేయవలెను. చీల్చి యతుకుటలోని తెలివి ఇదియే: చెక్కునదంతయు లోపలివైపు, చర్మము చర్మముగానే యుండును.

బొంగును కత్తితో చీల్చిన చీలిక నార వెంట పోవును. ఱంపముతో కోసినచో నార తెగును. కావున ఱంపము తగులరాదు. ఆఱు బద్దలను తీసి, కణుపులను దీపపు సెగకు చూపి, మెత్తబడగనే రెండు చెక్కల నడుమ నొక్కి సాపు చేయవలెను. రెండు బద్దల కణుపులు ఒకే చోట పడకుండ జరిపి పేర్చుకొనవలెను. ఆపై తుమ్మపలకలో ముక్కోణపు గాడి తీసి, ఒక కొనను లోతుగను, మఱియొక కొనను పైపైనను ఉంచి, అందు బద్దను కూర్చుండబెట్టి చిత్రిక పట్టవలెను. గాడి కోణము 60 అంశలు. ఆఱు అరువదులు కలిసి 360 గదా. ఒక్కొక్క బద్దలో ఒక అంశ తప్పినచో నడుమ సందు పడును. పిమ్మట బద్దలను ఇనుపగొట్టములో పెట్టి నిప్పులపై దొర్లించుచు తేనెరంగు వచ్చువఱకు కాచవలెను. లోని తేమ పోయి బిగువు వచ్చును. నా మొదటి రెండు కట్టలు ఈ చోటనే బొగ్గైనవి.

నేను చేయు కఱ్ఱ ఏడడుగులు, రెండు తునకలు. కొనవద్ద మందము రెండు మిల్లీమీటర్లు, పిడికి పైన ఎనిమిది మిల్లీమీటర్లు. ఈ లెక్క వినుటకు స్వల్పమే. కాని మందము రెట్టింపైన బిగువు 16 రెట్లగును. నాలుగింతలైన 256 రెట్లగును. చిత్రికలో వెండ్రుకవాసి హెచ్చుతగ్గులు కఱ్ఱ గుణమునే మార్చివేయుటకు ఇదియే కారణము.

అతుకుటలో నేను పొందిన పరాభవము చెప్పి తీరవలెను. మొదటి కఱ్ఱను వడ్రంగివాండ్రు వాడు వజ్రముతో అతికితిని. చూచుటకు బంగారు కడ్డీ. చెఱువునకు పోయిన మొదటినాడే జల్లు పడెను. అరగంటలో నా చేతి కఱ్ఱ ఆఱు బద్దలై చీపురువలె విచ్చుకొనెను. గట్టున కుఱ్ఱవాండ్రు పడి పడి నవ్విరి. వజ్రము జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన బంక. నీరు తగిలిన మరల కరగును. పాతకాలమువారు వార్నీషు పూతలమీద పూతలు వేసి దానిని కాపాడుకొనుచుండిరి. ఇప్పుడు రెండు గొట్టములనుండి పిండి కలుపు జిగురు అంగళ్ళలో దొరకును. అది నీటికి లొంగదు. జిగురు పూసి, ఆఱు బద్దలు చేర్చి, దారముతో ఎదురెదురుగా రెండు వరుసలు చుట్టి, తడిగా నుండగనే బల్లమీద దొర్లించి వంకర తీసి వ్రేలాడదీయవలెను. ఆరిన తరువాత రెండు తునకలకు ఇత్తడి గొట్టముల కీలు, పిడికి బెండు, దారము పోవుటకు తీగె యుంగరములు, ఉంగరములకు పట్టుదారపు కట్లు, పైన వార్నీషు.

దారమునకు పూర్వము గుఱ్ఱపుతోక వెండ్రుకలు పేనెడివారు. తరువాత పట్టుదారమునకు నూనె పూసిరి. కొనను కట్టు కనుపించని తంతువు కథ పలమనేరు, కుప్పము వైపు పట్టుపురుగుల పెంచువారికి వింతగా నుండును. గూడు కట్టబోవు పురుగును వెనిగరులో నానబెట్టి, కడుపులోని పట్టుతిత్తిని పైకి తీసి రెండుచేతుల సాగదీసెడివారు. అది ఒకే తంతువై గట్టిపడును. స్పెయినులోని మూర్షియా అను సీమ దీనికి ప్రసిద్ధము. 1938లో నైలాను ప్రకటితమైన మీదట ఆ పని క్రమముగా అడుగంటినది. నేడు దొరకు విసరుదారములకు బరువును బట్టి అంకెలుండును. 5వ అంకె దారములో మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయినులు, అనగా తొమ్మిది గ్రాములు. నా కఱ్ఱకు అది సరిపోవును.

ఈగకు మన నాటుపుంజు మెడయీక చాలును. అడవికోడి మెడయీకకై విదేశములలో మిక్కిలి గిరాకి యుండెడిది. ఇప్పుడా పక్షి 1972 చట్టపు రక్షణలో నున్నది, దాని జోలికి పోరాదు.

ఇక విసరుట. మొదట చెఱువునకు పోరాదు, కళ్ళములో నేర్చుకొనవలెను. ముల్లునకు బదులు ఉన్నిపోగు కట్టి, దారమును ముందర నేలమీద ఇరువది యడుగులు పఱచి నిలువుము. మోచేయి ప్రక్కకు ఆనియుండవలెను. చంకలో పుస్తకము పెట్టుకొని, అది జాఱకుండ నేర్చుకొనుట ఇంగ్లండులోని పాత పద్ధతి. నేను తువ్వాలు పెట్టించితిని. గడియారపు ముఖమును తలంచుకొనుము. కఱ్ఱను మెల్లగా లేపుచు వేగము పెంచి, తల దాటి ఒంటిగంట స్థానమునకు రాగానే టక్కున ఆపవలెను. దారము తలపైనుండి వెనుకకు పోయి విచ్చుకొనును. అది విచ్చుకొని చాచుకొనువఱకు ఊరకుండవలెను. చాచుకొన్న దారపు బరువు కొనను వెనుకకు లాగి కఱ్ఱను వంచును. అప్పుడు ముందునకు త్రోసి, పదిగంటల స్థానమున మరల టక్కున ఆపినచో, వంగిన కఱ్ఱ నిటారగుచు దారమును వదలును.

తప్పంతయు ఆ ఊరకుండుటలోనే వచ్చును. దారము వెనుక విచ్చుకొనక మునుపే ముందుకు త్రోసినవానికి చర్నాకోల మ్రోగినట్లు చెళ్ళుమను శబ్దము వినబడును. ఎద్దులబండి తోలిన మనకు ఆ చప్పుడు ఎట్లు పుట్టునో తెలియును. బండికి అది కావలయును. ఈ పనికి అది దోషము. కట్టిన ఈగ తెగి ఎచ్చటనో పడియుండును. ఎంత విసరితిని, ఎంత బలము పెట్టితిని యను కుఱ్ఱవాండ్రకు నేను చెప్పినది ఒకటే: వెనుకకు తిరిగి దారమును కన్నులార చూడుము, చాచుకొన్నదా, త్రోయుము. మా మనుమనికి ఇది నాలుగు దినములలో పట్టుబడెను. బలముగల వస్తాదు ఒకనికి నెలయైనను పట్టుబడలేదు.

వాని ఎడమచేతి విషయము నాకు దిగులుగనే యుండెను. కుడిచేత కఱ్ఱయుండగా ఎడమచేత దారమును లాగుచు వదలుచుండవలెను. చూపుడువ్రేలు, నడిమివ్రేలు లేవు. వాడే ఒక యుపాయము కనుగొనెను: దారమును బొటనవ్రేలికిని ఉంగరపు వ్రేలికిని నడుమ ఇఱికించి, మడతలు అరచేతిలో వేసికొనును. నేను దానిని దిద్దబోలేదు.

చెఱువు వేలము పాడినవారి యనుమతి లేక గాలము వేయరాదు. మా సంఘమువారు సాయంకాలము రెండు గంటలకు ఒప్పుకొనిరి. కొఱమేనులు పిల్లలను కాచు దినములలో వాని జోలికి పోరాదని కుఱ్ఱవాండ్రే కట్టు పెట్టుకొనిరి. ఎఱ్ఱని పిల్లలగుంపు నీటిపై కదలుచుండగా క్రింద తల్లిదండ్రు లుందురు. వానిని పట్టినచో ఆ గుంపంతయు ఇతర చేపల పాలగును. మంచి తరుణము తొలకరి వాన వెలిసిన సాయంకాలము. పుట్టలనుండి ఉసిళ్ళు లేచి దీపములకును నీటికిని వ్రాలును. పరిగెలు మీదికి వచ్చి చప్పరించును. గోధుమరంగు ఈకలు నాలుగు వెనుకకు వాల్చి కట్టిన ఈగ వానికి ఉసిలివలె కనుపించును. వేలెడు పరిగెయైనను ఆ సన్నని కొనమీద ఎట్లు పెనగులాడునో పట్టినవానికే తెలియును.

తూటా శబ్దము మా చెఱువులో ఈ యెనిమిదేండ్లుగా వినబడలేదు. అంతయు కఱ్ఱ మహిమయే యని నేననను. ఒక పిల్లవాని చేయి చూచిన భయమును అందు కలదు. ఆ మనుమడు ఇప్పుడు తానే కఱ్ఱలు చేయుచున్నాడు. పలకలో గాడియు తానే తీసికొన్నాడు. మొన్న మూడవ కఱ్ఱ బద్ద యొకటి తీసికొనివచ్చి, కొనకు జానెడు క్రిందనున్న కణుపు వద్ద వెలుగు కనుపించుచున్నదని చూపెను. నిజమే, సన్నని సందు. అది చిత్రిక దోషము కాదు, కణుపు చాలినంత కాగలేదు. మరల సెగ చూపి నొక్కవలెనని చెప్పి పంపితిని.